పెప్సికో చరిత్ర, పర్యావరణ ఒప్పందాలు: ఒక తోతాపురి రైతు కొడుకు జవాబు

అడిగిన ప్రశ్న ఇది: "పెప్సికో ఎలా మొదలైంది? రైతులతో, పర్యావరణ సంస్థలతో ఆ కంపెనీ చేసుకుంటున్న భాగస్వామ్యాల వల్ల నిజంగా మేలు జరుగుతోందా, లేక అంతా ప్రచారమేనా?"

నేను ఆ కంపెనీలో ఎప్పుడూ పని చేయలేదు. మాది చిత్తూరు జిల్లాలో బంగారుపాళ్యం దగ్గర పల్లె. ఇంటికి అయిదెకరాల తోతాపురి మామిడి తోట ఉంది. డిగ్రీ అయ్యాక రెండు సీజన్లు ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో, క్వాలిటీ సెక్షన్లో పని చేశాను. అందుకే కూల్‌డ్రింకుల కంపెనీలు, రైతులు అనే మాట ఎక్కడ కనబడినా నాకు ఊరుకోబుద్ధి కాదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ ఒప్పందాల్లో సాగు నేర్పే భాగం మంచిదే. కానీ రేటు ముందుగా కాగితం మీద రాయనంతవరకు దాన్ని రైతుతో భాగస్వామ్యం అని నేను అనను. ఎందుకంటే ఆ కంపెనీని మొదలుపెట్టిన మనిషి కూడా ఈ రేటు దెబ్బకే మునిగిపోయాడు.

ఆయన పేరు కేలెబ్ బ్రాడమ్. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం, న్యూ బర్న్ అనే ఊళ్ళో మందుల షాపు నడిపేవాడు. 1893లో తన షాపులోనే ఒక సోడా పానీయం కలిపి అమ్మడం మొదలుపెట్టాడు. జనం దాన్ని 'బ్రాడ్స్ డ్రింక్' అనేవాళ్ళు. 1898లో పెప్సీ కోలా అని పేరు మార్చాడు, 1902లో కంపెనీగా రిజిస్టర్ చేశాడు. ఇరవై ఏళ్ళకు పైగా వ్యాపారం బాగానే సాగింది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లోనూ, అది ముగిశాకా చక్కెర ధర పిచ్చిపట్టినట్టు పెరిగింది. ఇంకా పెరుగుతుందన్న భయంతో ఆయన ఆ రేటుకే చక్కెర కొని నిల్వ పెట్టుకున్నాడు. ఆ తర్వాత ధర ఒక్కసారిగా కూలింది. ఎక్కువ పెట్టి కొన్న సరుకు గోడౌన్లో ఉండిపోయింది, 1923లో కంపెనీ దివాలా తీసింది. బ్రాడమ్ మళ్ళీ మందుల షాపుకే వెళ్ళిపోయాడు.

పెప్సీ చరిత్ర రాసేవాళ్ళలో చాలామంది ఈ ముక్కను ఒక లైనులో దాటేస్తారు. నాకు మాత్రం ఆ కథ మొత్తంలో గట్టిగా తగిలేది ఇదే. తయారీలో తప్పు లేదు, అమ్మకంలో తప్పు లేదు. ముడిసరుకు రేటు ఎటు పోతుందో తెలియక ఒక మనిషి జీవితకాలం కష్టం పోయింది. మా మండలంలో ఏ తోట దగ్గర ఆగి అడిగినా ఇదే కథ వినిపిస్తుంది.

మిగతా చరిత్ర త్వరగా చెప్తాను. 1931లో కంపెనీ రెండోసారి దివాలా తీసింది. అప్పుడు లాఫ్ట్ అనే మిఠాయిల కంపెనీ పెద్ద చార్లెస్ గుత్ దాన్ని కొన్నాడు. అమెరికాలో ఉద్యోగాలు లేక జనం అల్లాడుతున్న రోజులవి. అయిదు సెంట్లకే 12 ఔన్సుల సీసా ఇచ్చి కంపెనీని నిలబెట్టాడు. చిప్స్ కథ వేరే చోట మొదలైంది. 1932లో శాన్ ఆంటోనియోలో చార్లెస్ ఎల్మర్ డూలిన్ అనే ఆయన 100 డాలర్లకు మొక్కజొన్న చిప్స్ తయారీ కొని, అమ్మ వంటింట్లో చేయడం మొదలుపెట్టాడు. అదే ఫ్రిటోస్. అదే సంవత్సరం నాష్‌విల్‌లో హర్మన్ లే తన కారులో తిరుగుతూ ఆలుగడ్డ చిప్స్ అమ్మేవాడు. ఈ రెండూ 1961లో కలిసి ఫ్రిటో లే అయ్యాయి, 1965లో పెప్సీతో కలిసి పెప్సికో అయ్యింది. తర్వాత 1998లో ట్రాపికానా, 2001లో క్వేకర్ ఓట్స్ కొన్నారు. రష్యావాళ్ళ రూబుల్ బయట చెల్లదు కాబట్టి 1970లలో పెప్సీ ఇచ్చి బదులుగా వోడ్కా తీసుకున్న కథ కూడా మీరు వినే ఉంటారు. అవసరం ఉంటే ఎంత వింత ఒప్పందమైనా రాసుకోగలరని ఆ కథ చెప్తుంది. ఇది గుర్తుపెట్టుకోండి.

మన దేశంలోకి వచ్చిందే రైతు పేరు మీద. 1977లో కోకా కోలా దేశం వదిలి వెళ్ళింది. విదేశీ కూల్‌డ్రింకు అంటే ఢిల్లీలో తలుపులు మూసే కాలం. పెప్సీ వాళ్ళు పంజాబ్ ప్రభుత్వ సంస్థ పంజాబ్ ఆగ్రోతోనూ, టాటాల వోల్టాస్‌తోనూ కలిసి 1988లో అనుమతి సంపాదించారు. మేము కూల్‌డ్రింకులు మాత్రమే అమ్మం, టమోటా, ఆలుగడ్డ సాగు మారుస్తాం, ఎగుమతులు చేస్తాం అన్నారు. 1990లో 'లెహర్ పెప్సీ' పేరుతో డ్రింకు బయటికి వచ్చింది. హోషియార్‌పూర్ జిల్లా జహూరాలో టమోటా ఫ్యాక్టరీ కూడా పెట్టారు, కొత్త రకాలు తెచ్చారు, అక్కడి దిగుబడులు పెరిగాయి. 1995లో ఆ ఫ్యాక్టరీని హిందుస్థాన్ లీవర్‌కు అమ్మేశారు. వ్యాపారంలో అమ్మకాలు, కొనుగోళ్ళు మామూలే. కానీ దేశంలోకి రావడానికి చూపించిన టమోటా ఏడేళ్ళు తిరగకుండానే వేరేవాళ్ళ చేతికి పోయింది, డ్రింకు మాత్రం ఉండిపోయింది.

ఇక మా మామిడికి వస్తాను. తోతాపురి తెలియనివాళ్ళు ఉండరు. చిలకముక్కు మొన, మందమైన తొక్క, పచ్చిదైతే ఉప్పూకారం అద్దుకుని తినే కాయ. మాగినాక దాని గుజ్జు చిక్కగా ఉంటుంది, అందుకే సీసాల్లో దొరికే మామిడి డ్రింకులకు ఎక్కువగా వాడేది ఇదే. బంగినపల్లిలా దీన్ని బుట్టలో పెట్టి బజారులో అమ్ముకుని గట్టెక్కలేం. ఫ్యాక్టరీ కొంటేనే రైతుకు డబ్బు.

ఏడెనిమిదేళ్ళ కిందటి మాట. జూన్ చివర్లో ఒకరోజు తెల్లవారుజామునే కోత కూలీలు వచ్చారు. చిక్కాలతో కాయ దించి, ట్రాక్టరు ట్రక్కులో అడుగున వరిగడ్డి పరిచి లోడు వేసేసరికి మధ్యాహ్నమైంది. కూలి, ట్రాక్టరు బాడుగ నాయన అప్పటికే చేతి నుంచి పెట్టేశాడు. సాయంత్రం అయిదు గంటలకు నేనూ నాయనా ఫ్యాక్టరీ దగ్గరికి చేరేసరికి క్యూ గేటు నుంచి కిలోమీటరు దాటి, చింతచెట్ల మలుపు వరకు వచ్చేసింది. ఆ ఫ్యాక్టరీ పేరు చెప్పను. పెప్సికోకు దానికి సంబంధం ఉందని కూడా నేను అనడం లేదు. చేతికి టోకెన్ ఇచ్చారు, 214. లోపల నడుస్తున్న నంబరు 90 చిల్లర.

గేటు పక్కన గోడకు ఒక నల్లబోర్డు ఉండేది. దాని మీద సుద్దముక్కతో ఆరోజు రేటు రాసేవాళ్ళు. మేము వెళ్ళినప్పుడు కిలో ఆరు రూపాయలు. మొదటి రాత్రి ట్రాక్టరు కిందే పడుకున్నాం. రెండోరోజు ఎండ మామూలుగా లేదు. నాయన ఎక్కడినుంచో వేపమండలు తెచ్చి కాయ మీద కప్పాడు, బిందెతో నీళ్ళు చల్లాడు. మధ్యాహ్నానికి అడుగు కాయ మాగిపోయి నలగడం మొదలైంది. ట్రక్కు వెనక తలుపు సందులోంచి పచ్చటి రసం చుక్క చుక్కగా కారుతూ తారురోడ్డు మీద మడుగు కట్టింది. దాని మీద ఈగలు. ముందున్న ట్రాక్టరు కింద కూడా అదే మడుగు, దాని ముందుదాని కింద కూడా. ఆ రోడ్డు పొడవునా తీపి పులిసిన వాసన. నాకు ఈరోజుకీ ఆ వాసన వస్తే కడుపులో తిప్పుతుంది.

మూడోరోజు పొద్దున వాచ్‌మన్ వచ్చి తడిబట్టతో బోర్డు తుడిచి నాలుగున్నర అని రాశాడు. అక్కడున్న యాభై అరవై మందిలో ఒక్కరు కూడా గట్టిగా అరవలేదు. "ఏం సామీ, ఇట్ల జేస్తే ఎట్లా?" అని ఒక పెద్దాయన అడిగితే, "నేను రాసేవాణ్ణే అన్నా, రేటు పైన చెప్తారు" అన్నాడు వాచ్‌మన్. తిరిగి తీసుకుపోవడానికి ఎక్కడికని పోతాం? మూడు రోజుల కాయను ఎవరు కొంటారు? మధ్యాహ్నం మూడింటికి కాటా ఎక్కాం. చీటీలో మూడు గళ్ళు: వచ్చిన బరువు, తరుగు, నికర బరువు. మా చీటీలో తరుగు దగ్గర 610 కిలోలు అని ఉంది. నాయన చీటీ రెండుసార్లు చూసి నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. దారి పొడవునా ఒక్క మాట మాట్లాడలేదు. కోత, బాడుగ పోగా ఆ లోడుకు మిగిలింది ఎరువు బాకీకి కూడా చాలలేదు.

రెండేళ్ళ తర్వాత నేను వేరే ఫ్యాక్టరీలో చేరాక గేటు లోపల సంగతి అర్థమైంది. వాళ్ళవైపు నుంచి కూడా చెప్పాలి. ప్రాంతం మొత్తం కాయ ఆరేడు వారాల్లో ఒకేసారి పక్వానికి వస్తుంది. గుజ్జును శుద్ధి చేసి, గాలి తగలని సంచుల్లో నింపి 200 కిలోల పైచిలుకు డ్రమ్ముల్లో పెడితే ఏడాదికి పైగా నిల్వ ఉంటుంది. నిరుటి డ్రమ్ములు అమ్ముడుపోకుండా ఉంటే ఈ ఏడు ఫ్యాక్టరీవాడు చేయి ముడుచుకుంటాడు. డ్రింకుల కంపెనీ ఎన్ని డ్రమ్ములు తీసుకుంటుందో అతనికీ చివరిదాకా తెలియదు. అంటే పైనున్నవాడు తన అనుమానాన్ని కిందికి తోస్తాడు, ఫ్యాక్టరీ దాన్ని గేటు బయటికి తోస్తుంది. గేటు బయట ఉన్నది మా నాయన, ఆయన వెనక చెట్టు తప్ప ఎవరూ లేరు. నా టేబుల్ మీద పరికరంలో చుక్క గుజ్జు వేసి తీపి శాతం చూసి 14 దాటితే ఓకే రాసేవాణ్ణి. గేటు బయట మూడురోజులు నిలబడ్డ కాయ తీపిలో బాగానే పాసయ్యేది. బరువులో, కుళ్ళులో పోయినది మాత్రం రైతు ఖాతాలోకి పోయేది.

2025లో మళ్ళీ అదే పరిస్థితి వచ్చింది. ప్రభుత్వం కిలో 12 రూపాయలుగా లెక్కగట్టి, 8 ఫ్యాక్టరీలు ఇవ్వాలని, 4 తాను ఇస్తానని ప్రకటించాల్సి వచ్చింది. ఏడాదికి ఒకసారి ప్రభుత్వం మధ్యలో దిగితే తప్ప నిలబడని వ్యవస్థను నేను సుస్థిరం అని ఎలా అనగలను?

ఇప్పుడు పెప్సికో ఒప్పందాలకు వద్దాం. ఆలుగడ్డ విషయంలో వాళ్ళ పద్ధతిని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. పంజాబ్, గుజరాత్, పశ్చిమ బెంగాల్ లాంటి చోట్ల రైతుకు విత్తనం ఇస్తారు, సాగు చెప్తారు, ముందే చెప్పిన రేటుకు కొంటారు. ఎందుకంటే చిప్స్‌కు మామూలు ఆలుగడ్డ పనికిరాదు. అందులో చక్కెర ఎక్కువ ఉంటే నూనెలో వేయగానే నల్లబడుతుంది. కోల్డ్ స్టోరేజీలో పెట్టిన గడ్డలో పిండిపదార్థం చక్కెరగా మారుతుంది కాబట్టి ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. తేమ తక్కువ, ఒకే సైజు ఉన్న ప్రత్యేక రకం కావాలి. అది బజారులో దొరకదు, అందుకని రైతుతో కాగితం రాసుకోక తప్పదు. తోతాపురి అలా కాదు, ఎక్కడ చూసినా కాయే. దొరకని సరుకుకు ఒప్పందం, గుట్టలుగా దొరికే సరుకుకు నల్లబోర్డు. ఈ వ్యాపారం మొత్తం ఈ లెక్క మీదే నడుస్తుందని నా గట్టి నమ్మకం.

అయితే ఆ ఆలుగడ్డ కాగితం రెండోవైపు కూడా ఉంది. 2019లో గుజరాత్‌లో నలుగురు రైతులు కంపెనీ సొంత ఎఫ్.ఎల్. 2027 ఆలుగడ్డ రకాన్ని అనుమతి లేకుండా పండించారని కంపెనీ కోర్టుకు వెళ్ళి ఒక్కొక్కరి దగ్గర 1.05 కోట్ల రూపాయలు అడిగింది. రెండు మూడెకరాల రైతు దగ్గర కోటి రూపాయలు! దేశమంతా గొడవ అయ్యాక ఆ మే నెలలో కేసులు వెనక్కి తీసుకున్నారు. మన దేశంలో మొక్కల రకాలు, రైతు హక్కుల మీద ఉన్న 2001 చట్టం ప్రకారం బ్రాండు పేరుతో ప్యాక్ చేసి అమ్మనంతవరకు రైతు విత్తనం దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, పక్కవాళ్ళకు ఇవ్వచ్చు. 2021 డిసెంబరులో ఆ రకం రిజిస్ట్రేషన్‌ను రద్దు చేశారు, 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ ఆ రద్దును కొట్టేసింది. రైతు హక్కుల సెక్షన్ మాత్రం అలాగే ఉంది. దాన్ని ప్రతి రైతు సంఘం తెలుగులో పోస్టరు వేసి గోడకు అంటించాలి.

పర్యావరణ లక్ష్యాలంటారా, 2021 సెప్టెంబరులో 'పెప్ ప్లస్' అని పెద్ద ప్రణాళిక ప్రకటించారు. 2030 నాటికి 70 లక్షల ఎకరాల్లో నేలను బాగుచేసే సాగు, 2040 నాటికి నికర కర్బన ఉద్గారాలు సున్నా. 2025లో సవరించారు. ఎకరాలను కోటికి పెంచారు, సున్నా గడువును 2050కి జరిపారు. సీసాలను మళ్ళీ నింపి వాడే లక్ష్యాన్ని పక్కన పెట్టేశారు. భాగస్వాములు చాలామందే ఉన్నారు. 2022లో అమెరికా ధాన్యం కంపెనీ ఏ.డి.ఎం.తో 20 లక్షల ఎకరాల వరకు, 2023లో వాల్‌మార్ట్‌తో కలిసి 12 కోట్ల డాలర్లు ఈ సాగుకే పెడతామన్నారు. అక్కడ నాకు నచ్చినది ఒకటుంది. పద్ధతి మార్చుకున్న రైతుకు ఎకరానికి ఇంత అని డబ్బు కడతారు. పంటల మధ్య ఖాళీలో నేలను కప్పే పైరు వేస్తే దిగుబడి తగ్గుతుందేమోనన్న భయంలో కొంత కంపెనీ తన నెత్తిన వేసుకుంటుంది. మన దేశంలో వాటర్ డాట్ ఆర్గ్ అనే స్వచ్ఛంద సంస్థతో 2008 నుంచి నడిచిన పని కూడా మంచిది, ఇంటికి కొళాయి, మరుగుదొడ్డి పెట్టుకోవడానికి పేదలకు చిన్న అప్పులు ఇప్పించారు. పశ్చిమ బెంగాల్‌లో ఆలుగడ్డ పండించే ఆడవాళ్ళకు శిక్షణ ఇవ్వడానికి 2019లో అమెరికా ప్రభుత్వ సంస్థ యు.ఎస్.ఎయిడ్‌తో చేతులు కలిపారు. 2025లో ఆ సంస్థే మూతపడింది. కంపెనీ గడువు జరపగలదు, భాగస్వామి మూసుకుని వెళ్ళగలదు. నాటిన మామిడి చెట్టుకు మాత్రం నలభై ఏళ్ళు నీళ్ళు పోయాల్సిందే.

మా జిల్లాలో ఇలాంటివి చూస్తూనే ఉన్నాం. కోకా కోలా, జైన్ ఇరిగేషన్ కలిసి 2011లో ఉన్నతి అనే ప్రాజెక్టు మొదలుపెట్టాయి. ఎకరానికి 40 చెట్ల చోట 600 దాటి నాటడం, డ్రిప్పు, ఏటా కొమ్మ కత్తిరింపు. పద్ధతిగా చూస్తే బంగారం, చెట్టు పొట్టిగా ఉంటుంది, మూడు నాలుగేళ్ళకే కాపు వస్తుంది. 2015 ఏప్రిల్‌లో శ్రీసిటీలో పెప్సికో ఫ్యాక్టరీని అప్పటి ఆ కంపెనీ అధినేత ఇంద్రా నూయి, ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ప్రారంభించినప్పుడు మా ఊళ్ళో టీవీ ముందు కూర్చుని చూశాం. 1,200 కోట్లు అన్నారు. ఆవిడ మద్రాసు మనిషి, మన మామిడి రుచి తెలిసిన మనిషి అని మా అమ్మ ఎంతో సంతోషపడింది.

చిప్స్ ప్యాకెట్ల మీద కూడా ఒక మాట చెప్పకుండా ఉండలేను. కుర్‌కురేను అంటిస్తే మండుతుంది, అందులో ప్లాస్టిక్ ఉంది అని వాట్సాప్‌లో పంపేవాళ్ళు దయచేసి ఆపండి. నూనె, పిండి ఉన్నది ఏదైనా మండుతుంది. నిజమైన ప్లాస్టిక్ ఆ ప్యాకెట్టే. పొరల మీద పొరలు అతికించి, లోపల లోహపు పూత పూసిన కాగితంలాంటిది అది. ఆ పొరలు విడదీయడం చాలా కష్టం. మా ఊరికి వచ్చే పాత సామాన్లాయన డ్రింకు సీసాలు ఏరుకుని కిలో లెక్కన డబ్బు ఇస్తాడు. చిప్స్ కవర్లను కాలితో పక్కకు తోసేస్తాడు. అవి ఏ కంపెనీవైనా చివరికి మా చెరువు తూముకు అడ్డం పడేవి అవే. వాటిని మార్చడానికి కావలసింది భాగస్వామ్యం కాదు, ఒకే పదార్థంతో ప్యాకెట్ చేయాలన్న నిర్ణయం.

చివరిగా ఒకటి. మొన్నామధ్య మా పంచాయతీ ఆఫీసు దగ్గర సుస్థిర మామిడి సాగు మీద ఒక మీటింగు పెట్టారు. ఒక కంపెనీ, ఒక స్వచ్ఛంద సంస్థ కలిసి చేస్తున్న కార్యక్రమం. టోపీలు ఇచ్చారు, కొమ్మ కత్తిరింపు గురించి వీడియో వేశారు, చెప్పిన అమ్మాయి చాలా ఓపికగా, బాగా చెప్పింది. సందేహాలుంటే అడగండి అంది. నాయన లేచాడు. "అమ్మా, నువ్వు చెప్పినట్టే చేస్తాం. జూన్‌లో ఏ రేటుకు తీసుకుంటారో జనవరిలో రాసిస్తారా?" అని అడిగాడు. ఆ అమ్మాయి కాసేపు ఆగి, "అది మా ప్రాజెక్టులో లేదండీ, మీ ప్రశ్న పైకి పంపిస్తాను" అంది. నోట్‌బుక్కులో రాసుకుంది కూడా.

నాయన ఇంటికొచ్చి రెండురోజుల్లోనే రంపం సానపెట్టించాడు. చెట్ల నడిమధ్యలో కొమ్మలు తీసి వెలుతురు పడేలా చేశాడు. ఈసారి లోపలి రెమ్మలకు కూడా పూత వచ్చింది. ఆ అమ్మాయి రాసుకున్న ప్రశ్నకు జవాబు ఇంకా రాలేదు.